నెలవంక కుట్టిన సంచి

నా జీవితంలో ఆర్ట్ గ్యాలరీలో అడుగుపెట్టింది ఒకే ఒక్కసారి. అదీ బొమ్మల మీద ప్రేమతో కాదు. లోపల ఏసీ ఉందని.

మా ఆయనకు కంటి ఆపరేషన్ అయ్యాక మళ్ళీ ఒకసారి చూపించడానికి చెన్నై వెళ్ళాం. డాక్టరు మూడింటికి రమ్మంటే మేము పన్నెండింటికే చేరాం. పల్లెటూరి బస్సులను నమ్ముకుని ఉద్యోగం చేసినదాన్ని, ఎక్కడికైనా రెండు మూడు గంటలు ముందు పోవడం నాకు అలవాటైపోయింది. ఎండ మండిపోతోంది. ఆసుపత్రి పక్క సందులో అద్దాల తలుపులున్న భవనం ఒకటి కనిపించింది. టిక్కెట్టు అక్కర్లేదని కాపలా ఆయన చేత్తో సైగ చేశాడు. ఇంకేం, దూరిపోయాం.

అప్పటికి నేను ఉదయగిరికీ వరికుంటపాడుకూ మధ్య ఒక పల్లెలో ఏఎన్ఎమ్‌ని. ఊరందరికీ నర్సమ్మను. పిల్లలకు సూదులు వేయడం, గర్భిణులను కనిపెట్టుకుని ఉండడం మా తరం నర్సులకు చేయి తిరిగిన పనులు. ఆ రోజుల్లో కొత్తగా ఇంకో పని వచ్చి చేరింది. ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి బీపీ, షుగరు చూసి, నెలకు సరిపడా మాత్రలు ఇచ్చి రావాలి. ఇవ్వడం సులువే. అవి వేళకు గొంతు దిగడమే కష్టం.

పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. అన్నీ తెల్లనివే, అన్నీ గుండ్రనివే. నేను కాగితం పొట్లాల మీద పెన్నుతో ‘ఉ’, ‘మ’, ‘రా’ అని రాసిచ్చేదాన్ని. చదువు రానివాళ్ళకు ‘ఉ’ అయితేనేం, ‘రా’ అయితేనేం? మా ఆశా కార్యకర్త ఆ ఊరి కోడలే. పని చురుకు, నోరు దురుసు. ఒకరోజు వచ్చి చెప్పింది.

“అక్కా, పైవీధి తాత నువ్విచ్చిన మాత్రలన్నీ ఒకే డబ్బాలో పోసుకోని, బొరుగులు తిన్నట్టు తింటా ఉండాడు.”

అదృష్టం బాగుండి తాతకేమీ కాలేదు. నాకు మాత్రం ఆ బొరుగుల మాట మనసులో ముల్లులా దిగబడిపోయింది. చెన్నై వెళ్ళినప్పుడు కూడా అదే ఆలోచన.

గ్యాలరీలో మొదట కనిపించింది నేల మీద కుప్పగా పోసిన పాత చెప్పులు. వాటి చుట్టూ తాడు కట్టి, పక్కన చిన్న చీటీ పెట్టారు. “ఇట్టాంటిది మన హెల్త్ సెంటర్ ముందర రోజూ ఉండాదే!” అన్నాను మా ఆయనతో. ఆయన కంటికి నల్లద్దాలు. ఏ బొమ్మా సరిగ్గా ఆనడం లేదు. గోడవార బెంచీ మీద కదలకుండా కూర్చున్నాడు. కాలేజీ పిల్ల ఒకతె వచ్చి, ఆయన కూడా ప్రదర్శనలో భాగమే అనుకుందో ఏమో, ఫోటో తీసుకుని వెళ్ళింది.

నేను ఒక్కొక్కటే చూసుకుంటూ లోపలి గదిలోకి వెళ్ళాను. అక్కడ గోడకు మూడు పెద్ద గుడ్డలు వేలాడుతున్నాయి. రంగులు పూసినవి కావు, గుడ్డ మీద గుడ్డ కుట్టినవి. మొదటిదాని అడుగున పసుపుపచ్చ గుండ్రం ముక్క ఒకటి సగం మాత్రమే కనిపిస్తోంది. రెండోదాంట్లో నిండు గుండ్రం పైన నడిమధ్యన ఉంది. మూడోది మొత్తం నల్లగుడ్డ, దాని మీద గోరంత తెల్లటి వంపు. అంతే. అక్షరం ముక్క లేదు. అయినా నాకు అర్థమైపోయింది. ఎవరో పక్కన నిలబడి చెవిలో చెప్పినట్టు అర్థమైంది.

“పొద్దున, మధ్యాహ్నం, రాత్రి” అని పైకే అన్నాను.

అక్కడ చూసుకునే అమ్మాయి నవ్వింది. చిత్తూరు వైపు పిల్ల, తెలుగు వచ్చు. “ఇది చేసినామె దీనికి పేరు పెట్టలేదమ్మా. మీకు ఎట్లా తోస్తే అట్లా. నిన్న ఒకాయన పూరీ, దోసె, అప్పడం ముక్క అని చెప్పినాడు.”

ఆ మాట అప్పుడు తమాషాగా ఉంది, నవ్వేశాను. అందులో నాకో హెచ్చరిక ఉందని గ్రహించి ఉంటే ఈ కథ రాసే పని తప్పేది.

ఇంటికి రాగానే పాత చీరలు ముందేసుకుని కుట్టు మిషన్ దగ్గర కూర్చున్నాను. మూడు జేబుల గుడ్డ సంచి. మొదటి జేబు మీద కొండ, కొండ వెనకనుంచి తొంగిచూస్తున్న సగం సూర్యుడు. రెండోదాని మీద నిండు సూర్యుడు. మూడోది నల్ల జేబు, తెల్లని నెలవంక, పక్కన అందానికి ఒక చుక్క. మా ఆయనకు అప్పటికి చూపు కుదుటపడింది. సంచి చూసి, “బాగుండాదే, అమ్మకానికి పెట్టు” అన్నాడు. అంతకన్నా గొప్ప మెప్పు ఆయన నోటినుంచి పెళ్ళయ్యాక రాలేదు.

మా హెల్త్ సెంటర్ డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. సంచిని అటూ ఇటూ తిప్పి చూసి, “సిస్టర్, ఇది మీరే ఆలోచించారా?” అంది. చెన్నైలో చూసి వచ్చిన సంగతి చెప్పాను. ఆవిడ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. చప్పట్లు, దండాలు, పూలగుత్తులు వచ్చి పడ్డాయి. నేను కూడా మనిషినే కదా. నాలుగు రోజులు స్కూటీ మీద కాస్త నిటారుగా కూర్చున్నాను.

సంచులు కుట్టి ఇంటింటికీ పంచాం. ఇస్తున్నప్పుడు ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పాను. అందరూ తలలూపారు. ముసలివాళ్ళు తలూపితే అర్థమైందని కాదు, నువ్వు ఎండలో నిలబడి ఉన్నావు, ఇక వెళ్ళు తల్లీ అని. ఇది నాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.

ఆ పల్లె పక్కనే చెరువు, చెరువు కింద పది పదిహేను గడపల వాడ. అక్కడ చేపలమ్మే అవ్వ ఒకామె ఉండేది. కొడుకూ కోడలూ చీకటి ఉండగానే పనికి వెళ్ళిపోతారు. అవ్వ గంపలో చేపలు పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేది. బీపీ ఎక్కువ. ఆమె బీపీ మాత్ర రాత్రి జేబులోదే.

సంచులిచ్చిన నెలకో ఏమో, పొద్దున్నే ఆశా ఫోను చేసింది. ఎప్పుడూ ఎగతాళిగా మాట్లాడే మనిషి నోట ఆ రోజు ఎగతాళి లేదు.

“అక్కా, బిన్నా రా. చేపలవ్వ కట్ట మింద పడిపోయినాది. మూతి ఒక పక్కకి పోతా ఉండాది.”

నేను వెళ్ళేసరికి అవ్వను వేపచెట్టు నీడలో పడుకోబెట్టి ఉన్నారు. కుడిచెయ్యి పైకి లేవడం లేదు. బీపీ చూస్తే చాలా ఎక్కువగా ఉంది. అంబులెన్స్ పిలిపించి, ఆమె తల నా ఒడిలో పెట్టుకుని ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారి పొడవునా అవ్వ ఎడమచెయ్యి నా చీరకొంగును వదల్లేదు.

వేళకు చేర్చామన్నారు డాక్టర్లు. ప్రాణం నిలిచింది. రెండో రోజుకు మాట కూడా తేటపడింది. ఆశా అవ్వ గుడిసెలోనుంచి సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. రెండు జేబులు ఖాళీ. నల్ల జేబు దాదాపు నిండుగా ఉంది.

“అవ్వా, రాత్రి మాత్రలు ఎందుకు ఏసుకోలేదు?” అన్నాను. నా గొంతులో కోపం ఉంది. ఆ మాట దాచను.

అవ్వ నన్ను వింతగా చూసింది. “ఏసుకోకేం నర్సమ్మా? నెలవంక పొడిచినప్పుడు ఏసుకోమని నువ్వే గదా బొమ్మ కుట్టినావు? నెలవంక కనపడినన్ని దినాలూ ఏసుకున్నా. పోయినాక మానుకున్నా.”

ఆమె తప్పు ఒక్కటీ లేదు. నెలవంక అంటే రాత్రి అని ఎవరు చెప్పారు? నెలంతా రాత్రులే, నెలవంక నాలుగు రోజులే. చేపల వ్యాపారం చేసే మనిషి, ఆకాశం నాకన్నా బాగా చూసే మనిషి. ఉన్నది ఉన్నట్టు చదువుకుంది.

బయటికి వచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. ఆశా పక్కన కూలబడింది. “అక్కా, ఒక మాట చెప్తా, తిట్టబాకు” అంది.

“చెప్పు.”

“మిగతా ఇండ్లు గూడా చూసొచ్చినా. పైవీధి తాత పొద్దుటి మాత్ర సాయంత్రం మింగతా ఉండాడు. అడిగితే, కొండ ఎనక పొద్దు కుంకతా ఉండే బొమ్మ గదా అన్నాడు. మసీదు సందులో ముసలామె, నానీ, ఆ సంచి అసలు తెరవనే లేదు. నెలవంకా చుక్కా ఉండాయి గదా, రంజాను నెలకని పెట్టెలో దాచిపెట్టింది.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిజానికి రెండూ చేశాను. మాది చేజర్ల దగ్గర. ఉదయగిరి అన్న పేరు వింటే నా కంటికి కొండ మీద ఉదయించే సూర్యుడే కనిపిస్తాడు. కానీ ఆ పల్లె కొండకు తూర్పున ఉంది. అక్కడివాళ్ళకు పొద్దు పొలాల మీద పొడిచి, కొండ వెనక్కి కుంకుతుంది. అన్నేళ్ళు ఆ దారిలో స్కూటీ నడిపి కూడా నేను తలెత్తి చూడలేదు.

అసలు చిక్కు ఇంకా ముందుంది. అవ్వ ఆసుపత్రిలో ఉండగానే ఆత్మకూరులో మీటింగు. నెల్లూరునుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నారు. మా సంచి ఫోటో ఆయనదాకా వెళ్ళింది. చూపించమని ప్రత్యేకంగా కబురు పెట్టారు.

మీటింగుకు ముందు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. పాపం, ఆవిడకూ కంగారే. “సిస్టర్, ఇవాళ్టికి సంచి ఒక్కటే చూపిద్దాం. అవ్వ సంగతి ఎత్తొద్దు. తర్వాత మనం నిదానంగా మార్చుకుందాం.”

సరేనన్నాను. ఆవిడను తప్పుపట్టడానికేమీ లేదు. నేనూ దారిలో అదే అనుకుంటూ వచ్చాను. ఉద్యోగం ఇంకా నాలుగేళ్ళుంది. ఆ వయసులో పదిమందిలో మాట పడడం ఎవరికిష్టం?

ఆఫీసరు సంచిని చేతిలోకి తీసుకుని మురిసిపోయారు. “చూడండి, ఒక పల్లెటూరి నర్సు ఎంత బాగా ఆలోచించిందో! అక్షరం అక్కర్లేదు, ఎవరికైనా అర్థమవుతుంది. దీన్ని అన్ని మండలాలకూ కుట్టించి పంపుదాం” అన్నారు. హాలంతా చప్పట్లు. నన్ను లేచి నిలబడమన్నారు.

లేచాను. ‘థాంక్యూ సార్’ అని కూర్చుంటే అయిపోయేది. కానీ అన్ని మండలాలు అనేసరికి, ఎన్ని చెరువు కట్టలున్నాయో, ఎంతమంది అవ్వలున్నారో ఒక్కసారిగా కళ్ళముందు తిరిగింది. నోట్లోనుంచి మాట వచ్చేసింది.

“వద్దు సార్. ఈ సంచి తప్పు సార్.”

ఆఫీసరు నావైపు చూసి, “అంటే?” అన్నారు.

నెలవంక సంగతి, పొద్దు కుంకే కొండ సంగతి, రంజాను పెట్టె సంగతి అన్నీ చెప్పాను. “చేపలవ్వ ఇప్పుడు ఇక్కడి ఆసుపత్రిలోనే ఉండాది సార్. అది నా వల్లే” అని ముగించాను. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరు మొహం ఎర్రబడింది. అప్పుడు నేను అనుకోనిది జరిగింది. డాక్టరమ్మ లేచి నా పక్కకు వచ్చి నిలబడింది.

“సిస్టర్ చెప్పింది నిజం సార్. పరీక్షించి చూడకుండా ఒప్పుకున్నది నేను. తప్పు నాది కూడా.”

ఆయన సంచిని బల్ల మీద పెట్టేశారు. “సరే. మరి ఏ బొమ్మ వేస్తే కరెక్టో మీకు తెలుసా?”

“నాకు తెలీదు సార్. అవ్వను అడగాల.”

ఈసారి హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, “అయితే అడిగి రండి” అన్నారు. అది వెటకారమో అనుమతో నాకు ఇప్పటికీ తెలియదు. నేను అనుమతి అనే అనుకున్నాను.

అవ్వ ఇంటికొచ్చిన వారానికి పల్లెలోని ముసలివాళ్ళందర్నీ ఆమె గుడిసె ముందు కూర్చోబెట్టాం. పైవీధి తాత వచ్చాడు, మసీదు సందు నానీ వచ్చింది. నేను పలకా బలపం పట్టుకుని కూర్చున్నాను. ఈసారి నోరు మూసుకుని ఉండాలని ఆశా ముందే నాకు షరతు పెట్టింది.

“పొద్దున లేస్తానే ఏం చేస్తారు?” అని ఆశా అడిగింది.

“టీ తాగతాం” అన్నారు అందరూ, ఒకే గొంతుతో. టీ గ్లాసు తేలిపోయింది. మధ్యాహ్నానికి సంగటి ముద్ద అన్నారు. నానీ, “మేము అన్నమే తింటాం గానీ, ముద్దను చూస్తే మజ్జానమనే అనుకుంటాం” అని సర్దుకుంది. చిక్కంతా రాత్రి దగ్గరే వచ్చింది.

“మంచం ఎయ్యండి” అన్నాడు ఒకాయన.

“నేను పగలు గూడా మంచం మిందే ఉంటా” అన్నాడు పైవీధి తాత.

“లైటు బుడ్డి?” అంది ఆశా.

“మా వాడు పగలు గూడా ఆర్పడు, సోంబేరి” అంది ఒకావిడ.

చాలాసేపు ఇలాగే నడిచింది. అంతవరకూ గోడకు ఆనుకుని ఊరికే వింటున్న చేపలవ్వ ఎడమచేత్తో నా పలక లాక్కుంది. బలపం వంకర టింకరగా పోతోంది. ఏదో కుండలాంటిది గీసింది. దాని మూతి మీద ఇంకేదో బోర్లించింది.

“ఏందవ్వా ఇది?”

“చెంబు. పండుకొనే ముందర చెంబులో నీళ్ళు పోసి, గలాసు బోర్లించి తలాపున పెట్టుకోవా నువ్వు?”

అందరూ ఒక్కసారిగా “ఆఁ!” అన్నారు. ఎవరింట్లో అయినా రాత్రికి తప్ప అలా పెట్టరు. పైగా మాత్రకు కావలసిన నీళ్ళు అక్కడే ఉన్నాయి. నా నెలవంకకు తట్టనిది ఆమె చెంబుకు తట్టింది.

బొమ్మ తేలింది గానీ, ఇన్ని సంచుల మీద అన్నీ ఒకేలా కుట్టడం నా వల్ల కాదు. ఉదయగిరిలో కట్టెతో గరిటెలూ చెంచాలూ చెక్కే ఒకామె తెలుసు. ఆమె దగ్గరికి వెళ్ళి గుడ్డ మీద అచ్చు వేసే దిమ్మెలు చెక్కమన్నాను. నా బుద్ధి ఊరుకోదు కదా, టీ గ్లాసు మీద ఆవిరి, సంగటి పక్కన చారు గిన్నె, చెంబుకు చెక్కడపు అంచు, అన్నీ గీసుకుని పోయాను. ఆమె కాగితం చూసి ఉలి పక్కన పెట్టింది.

“ఇన్నెందుకమ్మా? ఆవిరి అచ్చులో పడితే చెట్టనుకుంటారు. చెంచా అయినా బొమ్మ అయినా, తీసేకొద్దీ తేటపడతాది.”

అని నా ఆవిరిని, చారుని, అంచుని అన్నిటినీ కొట్టేసింది. మిగిలింది మూడు నల్లటి నీడల్లాంటి రూపాలు. చూడగానే చెన్నైలో చూసిన గుడ్డలు గుర్తొచ్చాయి. అక్కడ పేరున్న కళాకారిణి ఏ మాట గుడ్డతో చెప్పిందో, ఇక్కడ చాప మీద కూర్చుని గరిటెలు చెక్కే మనిషి అదే మాట నోటితో చెప్పింది.

తేడా కూడా అప్పుడే తెలిసింది. గ్యాలరీలో బొమ్మను పదిమంది పది రకాలుగా చదివితే అది దానికి అందం. మాత్రల సంచిని పదిమంది పది రకాలుగా చదివితే ఒకరు చెరువు కట్ట మీద పడిపోతారు. నేను మొదటిదాన్ని చూసి ముచ్చటపడి, రెండోది చేస్తున్నానని మరిచిపోయాను. అలాగని ఆ గ్యాలరీకి వెళ్ళకుండా ఉంటే బాగుండేదని ఏనాడూ అనుకోలేదు. అక్షరం లేకుండా మాట చెప్పొచ్చని నాకు ధైర్యమిచ్చింది ఆ మూడు గుడ్డలే. మీరు కూడా ఎక్కడ తలుపు తెరిచి ఉంటే అక్కడ దూరండి. చెప్పుల కుప్ప కనిపించినా నవ్వి ఊరుకోండి, లోపలి గదిదాకా వెళ్ళండి. తెచ్చుకున్నదాన్ని మాత్రం ఎవరికోసం తెచ్చామో వాళ్ళకు ముందు చూపించండి.

కొత్త సంచులను ఈసారి వివరించి ఇవ్వలేదు. చేతిలో పెట్టి, “ఇదేంది? ఎప్పటిది?” అని అడిగాం. సరిగ్గా చెప్పినవాళ్ళకే మాత్రలు నింపి ఇచ్చాం. చెప్పలేనివాళ్ళు ఇద్దరో ముగ్గురో. వాళ్ళకు బొమ్మ మార్చాం, మనుషుల్ని మార్చే పని పెట్టుకోలేదు.

అన్ని మండలాలకూ వెళ్ళిందా అంటే, లేదు. ఆ ఆఫీసరుకు బదిలీ అయింది, తర్వాత వచ్చినాయన సంచుల జోలికి రాలేదు. మా హెల్త్ సెంటర్ కింద ఊళ్ళలో మాత్రం నిలిచింది. కొండాపురం వైపు పనిచేసే నర్సు ఒకతె దిమ్మెలు అడిగి తీసుకెళ్ళి, టీ గ్లాసు బదులు పాలచెంబు చెక్కించుకుంది. వాళ్ళ ఊళ్ళో బర్రెలెక్కువ. నాకు ముందు కోపం వచ్చి, తర్వాత సంతోషం కలిగింది.

రిటైరయ్యే ముందు ఆఖరుసారి మాత్రలివ్వడానికి చెరువు కింది వాడకు వెళ్ళాను. చేపలవ్వ గంప ఎత్తడం మానేసింది గానీ, గుడిసె ముందు చేపలు పరుచుకుని కూర్చుని బేరాలాడుతూనే ఉంది. సంచి తెమ్మన్నాను. తెచ్చింది. చూస్తే దానికి నాలుగో జేబు ఉంది. పాత రవిక గుడ్డతో కుట్టింది, కుట్లు వంకర టింకరగా పోయాయి. ఆ కుట్ల వాలును దగ్గరగా పట్టుకుని చూశాను. అవి ఎడమచేతి కుట్లు కావు.

“కుడిచేత్తోనే కుట్టినావా అవ్వా?”

“ఆఁ. నీ మాత్రల పుణ్యాన సూది పట్టుకుంటా ఉండాది.”

జేబు మీద ఆకుపచ్చ దారంతో ఒక ఆకు బొమ్మ కూడా ఉంది. లోపల వేలు పెట్టి చూశాను. తమలపాకులు, వక్కలు, చిన్న సున్నపు డబ్బీ.

“ఇదెప్పుడు ఏసుకోవాల?” అన్నాను.

“ఆ మూడు జేబులూ నీవి నర్సమ్మా, నువ్వు చెప్పినప్పుడు ఏసుకుంటా” అంది అవ్వ, చేప మీద ఈగను తోలుతూ. “ఇది నాది. నాకు బుద్ధి పుట్టినప్పుడు ఏసుకుంటా.”